బ్లెనిమ్ ప్యాలెస్‌లో కాన్సువెలో బొమ్మ చూసి వచ్చాను. ఆమెను అదృష్టవంతురాలు అనొచ్చా?

వేణుమాధవి
మొన్న శనివారం పిల్లల్ని తీసుకుని ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఉడ్‌స్టాక్‌లో ఉన్న బ్లెనిమ్ ప్యాలెస్‌కి వెళ్ళాం. జనమంతా చర్చిల్ పుట్టిన గది దగ్గరే గుంపుగా ఉన్నారు. నేను మాత్రం 1905లో సార్జెంట్ అనే చిత్రకారుడు వేసిన పెద్ద కుటుంబ చిత్రం ముందు ఆగిపోయాను. తొమ్మిదో డ్యూక్ ఆఫ్ మార్ల్‌బరో, ఇద్దరు కొడుకులు, కుక్కలు, వాళ్ళందరి మధ్య మెట్టు మీద నిలబడి అందరికన్నా ఎత్తుగా ఆయన భార్య. న్యూయార్క్ నుంచి వచ్చిన కాన్సువెలో వాండర్‌బిల్ట్.

మా వెంట వచ్చిన పెద్దావిడ ఒకరు ఆ బొమ్మ చూసి, "ఎంత అదృష్టం! పద్దెనిమిదేళ్ళకే ఇంత ప్యాలెస్‌కి యజమానురాలైంది" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే కాన్సువెలో ముసలితనంలో రాసుకున్న జీవితకథ నేను అంతకు నెల ముందే చదివాను. 1895 నవంబరు 6న పెళ్ళి. ఆ పొద్దున గది తలుపు దగ్గర నౌకరును కాపలా పెట్టారట, ఎవరూ లోపలికి వెళ్ళకుండా. లోపల ఆ పిల్ల ఒక్కతే కూర్చుని ఏడ్చింది. కళ్ళు వాచిపోతే తడిగుడ్డలతో అద్ది, ఫిఫ్త్ అవెన్యూలోని సెయింట్ థామస్ చర్చికి ఇరవై నిమిషాలు ఆలస్యంగా తీసుకెళ్ళారు.

ఈ కథ ఎవరు చెప్పినా అమెరికా డబ్బు ఎంత వచ్చింది, ప్యాలెస్ ఎలా బాగుపడింది అనే చెబుతారు. "నీకిష్టమేనా అమ్మా" అని ఆ పిల్లని ఎవరైనా అడిగారా అన్న మాట మాత్రం రాదు. రెండు రోజులుగా మనసంతా అదే. తెలిసినవాళ్ళు మాట్లాడండి.

గోదారిగట్టు
వాండర్‌బిల్ట్ అంటే రైళ్ళ వాండర్‌బిల్టేనా?

రైలుబండి
ఆ రైళ్ళవాళ్ళే. ముత్తాత కార్నీలియస్ వాండర్‌బిల్ట్ న్యూయార్క్ రేవులో చిన్న పడవ నడుపుతూ మొదలుపెట్టాడు. తర్వాత స్టీమర్లు, ఆ తర్వాత న్యూయార్క్ సెంట్రల్ రైల్‌రోడ్. 1877 జనవరిలో పోయేనాటికి పది కోట్ల డాలర్ల ఆస్తి. అదే ఏడాది మార్చి 2న కాన్సువెలో పుట్టింది. తండ్రి విలియం, తల్లి అల్వా. అసలు కథ నడిపించింది ఈ అల్వానే.

న్యూజెర్సీ_వదిన
అల్వా కట్టించుకున్న మార్బుల్ హౌస్ మేం న్యూపోర్ట్ వెళ్ళినప్పుడు చూశాం. భర్త పుట్టినరోజు కానుకగా ఇచ్చాడట. కోటి పది లక్షల డాలర్ల ఖర్చు, అందులో డెబ్బై లక్షలు ఒక్క పాలరాతికే! హాల్లో బంగారు పూత చూస్తుంటే కళ్ళు చెదిరిపోయాయి. కానీ కాన్సువెలో గదిలోకి వెళ్ళగానే మనసు అదోలా అయిపోయింది. ఆ గదిలో ప్రతి వస్తువూ తల్లి ఎంచి పెట్టించిందే, ఒక్కటి కూడా ఆ పిల్ల ఇష్టంతో పెట్టింది కాదు. ఆమె బట్టలు, స్నేహితులు, చదువు అన్నీ అంతే.

చిన్నప్పుడు పాఠాలు చదివేటప్పుడు వెన్ను నిటారుగా ఉండాలని వీపుకు ఇనప కడ్డీ కట్టేవాళ్ళు. నడుముకో పట్టీ, తలకో పట్టీ. పుస్తకం కళ్ళెదురుగా ఎత్తి పట్టుకుని చదవాలి.

గోదారిగట్టు
ఇనప కడ్డీయా! నేను చిన్నప్పుడు వంగి కూర్చుంటే మా నాన్నగారు వీపు మీద ఒక్కటి వేసేవారు, అదే పెద్ద శిక్ష అనుకునేవాణ్ణి.

చరిత్రపిచ్చి
అల్వాని అర్థం చేసుకోకుండా ఈ పెళ్ళి అర్థం కాదు. అప్పటి న్యూయార్క్‌లో ఎంత డబ్బున్నా పాత కుటుంబాలవాళ్ళు రానిస్తేనే పెద్దమనుషుల లెక్క. వాండర్‌బిల్టులు కొత్తగా డబ్బు చేసినవాళ్ళు కాబట్టి ఆ పాత కుటుంబాలకు పెద్దదిక్కైన మిసెస్ ఆస్టర్ గుమ్మం తొక్కనిచ్చేది కాదు. 1883లో అల్వా తన కొత్త ఇంట్లో వేషాల విందు పెట్టి ఆ తలుపులు తెరిపించుకుంది. పన్నెండేళ్ళ తర్వాత, 1895 మార్చిలో, భర్త వేరే ఆడవాళ్ళతో తిరుగుతున్నాడని విడాకులు తీసుకుంది. ఆ రోజుల్లో ఆ వర్గంలో విడాకులంటే వెలివేసినట్టే. మళ్ళీ అందరూ తన గుమ్మానికి రావాలంటే కూతురు డచెస్, అంటే డ్యూక్ భార్య, కావాలి. మార్చిలో విడాకులు, నవంబరులో కూతురి పెళ్ళి. తేదీలు చూస్తేనే తెలిసిపోతుంది.

వేణుమాధవి
అవును చరిత్రపిచ్చి గారూ. ఇంకో బాధ కూడా ఉంది. అప్పటికే కాన్సువెలో విన్‌త్రప్ రదర్‌ఫర్డ్ అనే అబ్బాయిని ఇష్టపడింది, పెళ్ళి చేసుకుందామని ఇద్దరూ మాట కూడా ఇచ్చుకున్నారు. తల్లికి తెలిసింది. ఉత్తరాలు అందకుండా చేసింది. అతన్ని తుపాకితో కాల్చేస్తానంది. ఆఖరికి కుటుంబ స్నేహితురాలు ఒకామె వచ్చి, "నీ మొండితనం వల్ల మీ అమ్మకి గుండెపోటు వచ్చింది, ఇంకా ఎదిరిస్తే బతకదు" అని చెప్పింది. పిల్ల లొంగిపోయింది.

శ్రీలత_కాకినాడ
ఈ చివరి మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

మా పిన్ని కథ ఇదే. పేర్లు వద్దులెండి. డిగ్రీలో తోటి అబ్బాయిని ఇష్టపడింది. అమ్మమ్మ మూడు రోజులు అన్నం మానేసింది, తర్వాత ఛాతీలో నొప్పి అంది. డాక్టర్‌కి చూపిస్తే ఏమీ లేదన్నారట, ఆ సంగతి పిన్నికి పెళ్ళయ్యాక తెలిసింది. పిన్ని ఇప్పటికీ అమ్మమ్మను ఒక్క మాట అనదు. కానీ పిన్ని కూతురు తనకి నచ్చినవాణ్ణి ఇంటికి తీసుకొచ్చినప్పుడు, "నీ ఇష్టమేనా, సరిగా చెప్పు" అని పిన్ని మూడుసార్లు అడిగింది. ఆ గదిలో నేనూ ఉన్నాను. నాలుగోసారి అడగబోయి ఏడ్చేసింది.

న్యూజెర్సీ_వదిన
శ్రీలతా, మీ పిన్నిగారికి నా నమస్కారాలు చెప్పండి.

ప్లీడరు_బెజవాడ
వేణుమాధవి గారు డబ్బు లెక్క వద్దంటున్నారు గానీ, తండ్రి డ్యూక్‌తో రాసుకున్న పెళ్ళి ఒప్పంద పత్రం చూస్తేనే ఈ పెళ్ళి ఏమిటో తెలుస్తుంది. బీచ్ క్రీక్ రైల్వే కంపెనీ వాటాలు యాభై వేలు, విలువ 25 లక్షల డాలర్లు. వాటి మీద ఏడాదికి కనీసం 4 శాతం వస్తుందని న్యూయార్క్ సెంట్రల్ హామీ. ఆ రాబడి డ్యూక్ బతికున్నంతకాలం డ్యూక్‌కే. పెళ్ళి నిలిచినా విడిపోయినా ఆయనకు వస్తూనే ఉంటుంది. ఇది కాక భార్యకీ భర్తకీ చెరొక లక్ష డాలర్లు ఏటా. రెండు వైపులా లాయర్లు కూర్చుని బేరమాడి రాసుకున్నారు.

నా ప్రాక్టీసులో కట్నం కేసులు చాలా చూశాను. మన దగ్గర చట్టం నేరమంది కాబట్టి నోటి మాటగా, చాటుగా నడుస్తుంది. అక్కడ స్టాంపు కాగితం మీద, పేపర్లలో ప్రకటించి మరీ నడిచింది. అంతే తేడా.

గోదారిగట్టు
ఒక డౌటు. డ్యూక్ అంటే ఇంగ్లండులో రాజు తర్వాత అంతటివాడు కదా. ఆయనకి రైలు కంపెనీ వాటాలతో ఏం పని? సొంత భూములుండవా?

రైలుబండి
అక్కడే ఉంది అసలు సంగతి, నాకు చాలా ఇష్టమైన విషయం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఇంగ్లండు జమీందార్ల బతుకంతా కౌళ్ళ మీద. కౌలు గోధుమ ధర మీద. 1870ల తర్వాత ఏమైందంటే, అమెరికా మధ్య మైదానాల్లోకి రైలు పట్టాలు పడ్డాయి. అక్కడి గోధుమ చౌకగా రేవులకు చేరింది, అక్కణ్ణించి ఆవిరి ఓడల్లో లివర్‌పూల్‌కి. ఇంగ్లండులో ధర కుప్పకూలింది. రైతులు కౌలు కట్టలేకపోయారు, కౌళ్ళు తగ్గించక తప్పలేదు. ఇంటి ఖర్చు, పైకప్పు మరమ్మతులు, పెద్దలు చేసిన అప్పులకు వడ్డీ మాత్రం తగ్గలేదు.

బ్లెనిమ్ కథ కూడా ఇదే. మొదటి డ్యూక్ 1704లో బ్లెనిమ్ యుద్ధం గెలిచినందుకు దేశం ఇచ్చిన బహుమతి ఆ భవనం. కానీ దాన్ని పోషించే భూమి చాలదు. కాన్సువెలో మామగారి తరానికే ఇంట్లో పుస్తకాల భాండాగారం అమ్మేశారు. తాతల నాటి చిత్రాలు అమ్మేశారు. రఫేల్ వేసిన ఒక మరియమ్మ చిత్రం 1885లో డెబ్బై వేల పౌండ్లకు లండన్ నేషనల్ గ్యాలరీకి వెళ్ళింది. అది కూడా చాలలేదు.

ఇప్పుడు చూడండి. అమెరికా గోధుమను రేవుకు చేర్చి వాళ్ళ కౌళ్ళు పడగొట్టిన రైళ్ళలో వాండర్‌బిల్టుల రైలూ ఒకటి. ఆ రైలు సంపాదనే మళ్ళీ పెళ్ళికూతురి పేరు మీద వాళ్ళింటికి వచ్చింది. నా ఉద్యోగమే సరుకు రవాణా కాబట్టి నాకు ఇది ఊరికే చరిత్ర కాదు. ఒక చోట రవాణా ఖర్చు తగ్గితే ఇంకో ఖండంలో ఒక ఆడపిల్ల పెళ్ళి ఎవరితో అన్నది మారిపోయింది.

చరిత్రపిచ్చి
రైలుబండి గారూ, ఈ పోస్టు దాచుకుంటున్నాను. ఒక్కటి కలుపుతా. ఆ ఇంటికి వచ్చిన అమెరికా కోడళ్ళలో కాన్సువెలో మొదటిది కాదు. మామగారు, అంటే ఎనిమిదో డ్యూక్, 1888లో లిలీ హామర్‌స్లీ అనే న్యూయార్క్ ధనిక వితంతువును రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆయన తమ్ముడు లార్డ్ రాండాల్ఫ్ భార్య జెన్నీ జెరోమ్ కూడా బ్రూక్లిన్‌లో పుట్టినదే. వాళ్ళ కొడుకే విన్‌స్టన్ చర్చిల్. మన వరసల్లో చెప్పాలంటే జెన్నీ కాన్సువెలోకి చిన్నత్త, విన్‌స్టన్ మరిది.

గోదారిగట్టు
చర్చిల్ మరిది అవుతాడా! ఈ వరస ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదండీ.

వేణుమాధవి
ఆ మరిది గురించి ఒక మాట ఉంది. పెళ్ళయి ఇంగ్లండు చేరగానే భర్త నాయనమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ ముసలావిడ కోడలిపిల్లని ఎగాదిగా చూసి, "నీ మొదటి బాధ్యత బిడ్డను కనడం, అదీ మగబిడ్డనే. ఆ విన్‌స్టన్ డ్యూక్ కావడం నేను భరించలేను" అంది. విన్‌స్టన్ కూడా ఆవిడ సొంత మనవడే! 1897లో జాన్ పుట్టాడు, మరుసటేడు ఐవర్ పుట్టాడు. ఒక వారసుడు, వాడికేమైనా అయితే అవసరానికి ఇంకొకడు అన్న మాట కాన్సువెలోదే అంటారు. ఇరవై రెండేళ్ళు నిండకుండానే ఆమె పని అయిపోయింది.

అయినా విన్‌స్టన్‌తో ఆమెకు చివరిదాకా మంచి స్నేహం. ఆ ఇంట్లో ఆమెతో మనిషిలా మాట్లాడినవాళ్ళలో ఆయన ఒకరు.

కుండబద్దలు
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు, నేను ఒప్పుకోలేను. వేణుమాధవి గారి వెంట వచ్చిన పెద్దావిడ అన్నదాంట్లో తప్పేముంది? అదే 1895లో అదే న్యూయార్క్‌లో పద్దెనిమిదేళ్ళ పిల్లలు బట్టల షాపుల్లో రోజంతా కుట్టుపని చేస్తున్నారు. వాళ్ళ పెళ్ళిళ్ళూ వాళ్ళనడిగి చేయలేదు. కాన్సువెలో ఏడ్చింది, నిజమే. కానీ ఆకలితో ఏడవలేదు. పదకొండేళ్ళకు, 1906లో భర్తనుంచి విడిగా వచ్చేసింది, తండ్రి డబ్బుతో లండన్‌లో కట్టిన పెద్ద ఇల్లుంది. మా అమ్మమ్మకి విడిపోవాలనిపిస్తే ఎక్కడికి వెళ్ళేది? పుట్టింట్లో గది లేదు, చేతిలో రూపాయి లేదు. నలభై ఏళ్ళు అక్కడే వంట చేసింది. నాకు ఏడుపు వచ్చేది ఆవిడ కోసం.

శ్రీలత_కాకినాడ
మీ అమ్మమ్మగారి గురించి చదివి నాకూ బాధేసింది. కానీ ఒకరి కష్టం ఒప్పుకోవాలంటే ఇంకొకరిది కొట్టిపారేయాలా అండీ?

కుండబద్దలు
కొట్టిపారేయడం లేదు. తూకం వేయమంటున్నాను.

ప్లీడరు_బెజవాడ
కుండబద్దలు గారి మాటలో బలం ఉంది. విడిపోగలగడానికి డబ్బు కావాలి. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది మొదట అడిగేది, "కేసు వేస్తే ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి" అనే. కాన్సువెలోకి ఆ ప్రశ్న లేదు. కానీ చూడండి, తండ్రి రాసిచ్చిన వాటాల రాబడి విడిపోయాక కూడా డ్యూక్‌కే వెళ్తుంది. ఆమె స్వేచ్ఛకి తండ్రి రెండుసార్లు ధర కట్టాడు.

న్యూజెర్సీ_వదిన
ఆ ప్యాలెస్‌లో ఆమె రోజులు ఎలా గడిచాయో కూడా చెప్పుకోవాలి. నాకు గుర్తున్నవి రాస్తున్నా.

రాత్రి భోజనానికి భార్యాభర్తలిద్దరే. ఆయన పళ్ళెంలో వడ్డించుకుని, పళ్ళెం పక్కకు నెట్టి, ఉంగరం తిప్పుకుంటూ ఏదో ఆలోచిస్తూ కూర్చునేవాడు. పావుగంట తర్వాత తినడం మొదలుపెట్టి చల్లారిపోయిందని విసుక్కునేవాడు. మాటల్లేవు. ఆమె భోజనాల బల్ల దగ్గరే అల్లిక పెట్టుకుంది. బట్లర్ బయట హాల్లో డిటెక్టివ్ కథలు చదువుకునేవాడు.

చలిగా ఉందని, నిప్పు వెలిగించమని బట్లర్‌ను అడిగితే, "ఆ పని చేసే నౌకరును పంపుతాను" అని వంగి నమస్కరించాడట. "వద్దులే, నేనే వెలిగించుకుంటా" అంది.

నిద్ర లేవగానే ఎదురుగా పాలరాతి పొయ్యి మీద మామగారు నల్లటి అక్షరాలతో చెక్కించిన మూడు మాటలు: ధూళి, బూడిద, శూన్యం. పందొమ్మిదేళ్ళ పిల్ల రోజూ పొద్దున్నే చదవాల్సినవి అవి!

గోదారిగట్టు
ఆమె భర్త డ్యూక్ ముద్దు పేరు సన్నీ అని ఎక్కడో చదివాను. ఈ మనిషికి సన్నీ ఏమిటండీ?

చరిత్రపిచ్చి
స్వభావం చూసి పెట్టింది కాదు. చిన్నప్పుడు ఆయన బిరుదు ఎర్ల్ ఆఫ్ సండర్‌లాండ్. సండర్‌లాండ్‌లోంచి సన్నీ వచ్చింది.

ఆయన వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఆయనకూ అది ఇష్టపడి చేసుకున్న పెళ్ళి కాదు. వేరే అమ్మాయిని ప్రేమించానని, ప్యాలెస్ కోసమే ఆమెను వదులుకున్నానని పెళ్ళయ్యాక కాన్సువెలోతోనే చెప్పాడు. ఆ భవనం అమ్ముకునే హక్కు ఆయనకు లేదు, దేశం వంశానికి ఇచ్చింది. ఇప్పటికీ ప్రతి ఆగస్టు 13కి ముందు ఆ ఇంటివాళ్ళు రాజుగారికి అద్దె కింద ఒక జెండా సమర్పించాలి. ఇరవై ఏళ్ళకే ఆ బరువు ఆయన నెత్తిన పడింది. వచ్చిన డబ్బు జల్సాలకు తగలేయలేదు, భవనానికీ తోటలకే పెట్టాడు. ఈరోజు వేణుమాధవి గారు చూసి వచ్చిన ఆ నీటి తోటలు ఆయన వేయించినవే.

వేణుమాధవి
ఆయన మీద జాలి పడతాను. క్షమించమంటే మాత్రం నా వల్ల కాదు. ఆ మాట పెళ్ళికి ముందు చెప్పి ఉంటే?

కుండబద్దలు గారికి ఒకటి చెప్పాలి. ఆమె తన ఏడుపులోనే కూర్చోలేదు. బ్లెనిమ్‌లో మధ్యాహ్నం భోజనం మిగిలితే ఊళ్ళో పేదలకు పంపడం అలవాటు. కానీ మాంసం, కూరలు, తీపి అన్నీ ఒకే డబ్బాలో కుక్కి పంపేవాళ్ళు. తరతరాలుగా ఎవరికీ అది తప్పనిపించలేదు. ఈ పిల్ల వచ్చాక దేనికది వేరే డబ్బాల్లో పెట్టించింది. చిన్న పనే. కానీ తినేవాడూ మనిషే అని తెలిసినవాళ్ళకే ఆ ఆలోచన వస్తుంది.

విడిగా వచ్చాక లండన్‌లో జైలుకు వెళ్ళినవాళ్ళ భార్యలకు పని చూపే కేంద్రం నడిపింది. 1917లో లండన్ కౌంటీ కౌన్సిల్‌లో సౌత్‌వార్క్ తరఫున సభ్యురాలైంది. ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం మాట్లాడింది.

కుండబద్దలు
డబ్బాల సంగతి నాకు తెలియదు. అది నచ్చింది. మా అమ్మమ్మ కూడా పనిమనిషికి అన్నం వేరు, కూర వేరు పెట్టేది, కలిపి పెడితే ఒప్పుకునేది కాదు.

నెక్కొండ_కుర్రాడు
మూడు రోజులుగా చదువుతున్నా, ఇప్పుడు నాకూ ఒక ముక్క దొరికింది. మాది వరంగల్ జిల్లా నెక్కొండ. కాజీపేట–విజయవాడ లైన్లో స్టేషన్. 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ నిజాం రాజ్యంలో వేటకు వచ్చి మా నెక్కొండ అడవిలో పులిని కొట్టాడు. చచ్చిన పులి దగ్గర కర్జన్, పక్కన ఆయన భార్య నిలబడి ఉన్న ఫోటో రాజా దీన్ దయాళ్ తీసిందే. మా ఊరి పేరు ఎక్కడ కనిపిస్తుందా అని వెతుకుతుంటే దొరికింది.

ఆ లేడీ కర్జన్ కూడా మీరు చెప్పే బాపతే! అసలు పేరు మేరీ లైటర్, తండ్రి షికాగో కోటీశ్వరుడు, మార్షల్ ఫీల్డ్ అనే పెద్ద వర్తకుడికి వ్యాపార భాగస్వామి. 1895 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో పెళ్ళి, అంటే కాన్సువెలో పెళ్ళయిన ఏడాదే. నాలుగేళ్ళు తిరక్కుండా మన దేశానికి వైస్రాయ్ భార్యగా వచ్చింది. ఆ ఫోటో ఇన్నాళ్ళు పులి కోసమే చూశాను. ఇప్పుడు ఆవిడ ముఖం చూస్తున్నా.

చరిత్రపిచ్చి
బంగారం లాంటి పోస్టు తమ్ముడూ. 1903 ఢిల్లీ దర్బారులో ఆవిడ వేసుకున్న నెమలి గౌను పేరు విన్నావా? మన జర్దోజీ పనివాళ్ళు బంగారు వెండి తీగలతో నెమలి ఈకలు కుడితే, ప్యారిస్‌లో గౌనుగా కుట్టారు. ఒక్కో ఈక కన్ను దగ్గర పచ్చగా మెరిసే పురుగు రెక్క. ఇప్పటికీ ఇంగ్లండులో కర్జన్ల ఇల్లు కెడిల్‌స్టన్ హాల్‌లో ఉంది. దేశంలో కరువు తీరి నిండా మూడేళ్ళు కాలేదు అప్పటికి. ఆ గౌను అందం గురించి రాసేటప్పుడు ఆ మాట కూడా రాయాలనిపిస్తుంది నాకు.

బెంగళూరు_బాలా
శివాజీనగర్‌లో మా ఇంటి దగ్గర బౌరింగ్ అండ్ లేడీ కర్జన్ ఆసుపత్రి ఉంది. మా పెద్దోడు అక్కడే పుట్టాడు. ఆ లేడీ కర్జన్ ఈవిడేనన్నమాట! పదేళ్ళుగా బోర్డు చూస్తూ ఎవరో అనుకున్నాను.

న్యూజెర్సీ_వదిన
మేరీ, కర్జన్ ఇష్టపడి చేసుకున్నారు కదా? అయితే ఈ పెళ్ళిళ్ళన్నీ ఒకే గాటన కట్టలేం.

చరిత్రపిచ్చి
కట్టలేం. మేరీ నిజంగానే ఆయన్ని ప్రేమించింది, ఆయన కోసం ఏళ్ళు ఎదురుచూసింది. ముగ్గురు కూతుళ్ళు పుట్టారు, కొడుకు కలగలేదన్న దిగులు ఆమెను వదల్లేదు. ఆరోగ్యం పాడై 1906లో 36 ఏళ్ళకే పోయింది. ప్రేమ ఉన్నా వారసుడి టెన్షన్ తప్పలేదు.

ఇంకో కొసన ఆనా గూల్డ్. ఇంకో రైళ్ళ కోటీశ్వరుడు జే గూల్డ్ కూతురు. అదే 1895లో ఫ్రాన్స్‌కు చెందిన కౌంట్ బోనీ ద కాస్తెలాన్‌ను చేసుకుంది. ఆయన ఆమె సొమ్ములో కోటి డాలర్ల దాకా ఖర్చుపెట్టేశాడు. 1906లో విడాకులిచ్చి, రెండేళ్ళకు ఆయన బంధువైన డ్యూక్‌ను పెళ్ళి చేసుకుంది.

గోదారిగట్టు
మరి రదర్‌ఫర్డ్ ఏమయ్యాడు? అతన్ని అందరూ మర్చిపోయారు.

చరిత్రపిచ్చి
1902లో ఒక మాజీ ఉపాధ్యక్షుడి కూతుర్ని చేసుకున్నాడు. ఆమె పోయాక, 1920లో లూసీ మెర్సర్‌ను. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రేమించిన లూసీ మెర్సర్ ఆమే.

ప్లీడరు_బెజవాడ
ఈ థ్రెడ్‌లో ఇంకా రాని ముఖ్యమైన ఘట్టం ఒకటుంది. 1921లో డ్యూక్‌తో విడాకులు. అదే ఏడాది జులై 4న కాన్సువెలో ఫ్రెంచి వైమానికుడు జాక్ బల్సాన్‌ను పెళ్ళి చేసుకుంది. డ్యూక్ గ్లాడిస్ డీకన్‌ను చేసుకున్నాడు, ఆవిడా అమెరికన్ కుటుంబానికి చెందినదే. అయితే బల్సాన్ కుటుంబం కేథలిక్కులు, విడాకులు ఒప్పుకోరు. డ్యూక్ కూడా కేథలిక్ మతంలోకి వెళ్ళాలనుకున్నాడు. మొదటి పెళ్ళి అసలు చెల్లలేదని చర్చి తీర్పు ఇస్తే గానీ కుదరదు. 1926లో విచారణ. పెళ్ళికి సమ్మతి లేదని సాక్ష్యం చెప్పాల్సింది ఎవరు? డెబ్బై దాటిన అల్వా. వచ్చి చెప్పింది. నా కూతురి మీద నాకు పూర్తి అధికారం ఉండేది, నేను బలవంతం చేశాను, నేను ఆజ్ఞాపించాను అని. పెళ్ళి రద్దయింది.

కోర్టుల్లో ముప్పై ఏళ్ళు గడిపాను. ఒక తల్లి తన బిడ్డ కోసం తన తప్పును రికార్డులో రాయించుకోవడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

కుండబద్దలు
అందరికీ అవసరమైన సాక్ష్యం కదా అది. ఇద్దరికీ రద్దు కావాలి, తల్లి ఆ మాట చెబితేనే అవుతుంది. బలవంతం కథ అప్పుడు పెద్దది చేశారేమో అని నాకు అనుమానం.

ప్లీడరు_బెజవాడ
అవసరమైన సాక్ష్యం అబద్ధమే కానక్కర్లేదు. ప్రపంచమంతా పేపర్లలో తనను రాక్షసి తల్లిగా రాస్తారని తెలిసీ చెప్పింది. రాశారు కూడా.

వేణుమాధవి
నన్ను ఎక్కువ కదిలించేది అల్వానే. కూతుర్ని గదిలో పెట్టి తాళం వేసిన మనిషే తర్వాత అమెరికాలో ఆడవాళ్ళ ఓటు ఉద్యమానికి లక్షలు పోసింది. 1914లో అదే మార్బుల్ హౌస్‌లో ఓటు హక్కు సభ పెడితే, ఇంగ్లండు నుంచి కాన్సువెలో వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఏ ఇంట్లో తన ప్రేమను చంపేశారో ఆ ఇంట్లోనే! పాపం అల్వా ముందు తప్పు చేసి తర్వాత తెలుసుకుందా, లేక కూతురికి డచెస్ పదవి వస్తే బలం వస్తుందని నిజంగానే నమ్మిందా? నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. తన పెళ్ళి విఫలమైంది కాబట్టి ప్రేమను నమ్మొద్దు, హోదాని నమ్ముకో అనుకుందేమో.

శ్రీలత_కాకినాడ
మా అమ్మమ్మ కూడా అదే అనేది. "ఇష్టం ఏడాది ఉంటుందే, ఉద్యోగం ముప్పై ఏళ్ళు ఉంటుంది" అని. చెడ్డది కాదు మా అమ్మమ్మ. భయపడింది.

న్యూజెర్సీ_వదిన
బల్సాన్‌తో ఆమె సుఖంగా ఉందా? అది చెప్పండి ఎవరైనా.

వేణుమాధవి
ఉంది వదినా. ఫ్రాన్స్‌లో ఇల్లు, తోట, చుట్టూ పిల్లల కోసం ఆమె పెట్టిన ఆరోగ్య కేంద్రం. విన్‌స్టన్ వచ్చి అక్కడ బొమ్మలు వేసుకునేవాడు. 1940లో జర్మన్ సేనలు వచ్చేసరికి అన్నీ వదిలేసి అమెరికా పారిపోవాల్సి వచ్చింది. కానీ ఈసారి పక్కన తను కోరుకున్న మనిషి ఉన్నాడు. ఆ కాలం గురించి రాసిన పేజీల్లో ఆమె గొంతే వేరేగా ఉంటుంది.

ఆక్స్‌ఫర్డ్_రమణ
ఆలస్యంగా చూశాను. నేను ఉండేది ఉడ్‌స్టాక్‌కు దగ్గరే. వేణుమాధవి గారూ, బ్లెనిమ్ వెళ్ళినప్పుడు బ్లాడన్ వెళ్ళారా? ప్యాలెస్ పార్కుకు దక్షిణాన చిన్న ఊరు. అక్కడి సెయింట్ మార్టిన్స్ చర్చి ఆవరణలోనే కాన్సువెలో సమాధి. 1964 డిసెంబరు 6న అమెరికాలోని లాంగ్ ఐలండ్‌లో పోయింది. చిన్న కొడుకు ఐవర్ పక్కన పెట్టమని కోరుకుంది. సముద్రం దాటించి తెచ్చారు.

రెండు నెలలు తిరక్కుండా, 1965 జనవరిలో, చర్చిల్‌ను కూడా అదే ఆవరణలో పెట్టారు. బస్సుల్లో వచ్చేవాళ్ళంతా ఆయన్ని చూసి వెళ్ళిపోతారు.

వేణుమాధవి
వెళ్ళలేదండీ! తెలియదు నాకు. ఆమె రాతి మీద ఏముంటుంది?

ఆక్స్‌ఫర్డ్_రమణ
కాన్సువెలో వాండర్‌బిల్ట్ బల్సాన్, పదో డ్యూక్ ఆఫ్ మార్ల్‌బరో తల్లి అని ఉంటుంది. పుట్టిన తేదీ, పోయిన తేదీ. తొమ్మిదో డ్యూక్ భార్య అన్న మాట లేదు.

కుండబద్దలు
ఆ రాయి ఫోటో ఉంటే పెట్టండి రమణ గారూ. మా అమ్మాయికి చూపించాలి.

వేణుమాధవి
వచ్చే ఆదివారం నేనే వెళ్తున్నాను. ఆ పెద్దావిడను కూడా రమ్మన్నాను, వస్తానన్నారు. ఫోటో తీసి ఇక్కడే పెడతాను.